తడవకపోయినా కుక్క ఒళ్లు విదిలించుకుంటే

అనంతపురం ఎండలో, చుక్క నీరు పడకుండానే మీ కుక్క మాటిమాటికీ విదిలించుకుంటోందని, జబ్బేమోనని అడిగారు. ముందు ఇది చూడండి: ఒళ్లంతా విదిలిస్తోందా, తల ఒక్కటేనా?

ఒళ్లంతా అయితే చాలావరకు భయం లేదు. నిద్ర లేచాక, కొత్తవాళ్లు వచ్చి వెళ్లాక, మీరు గట్టిగా హత్తుకుని వదిలాక కుక్క అలా తేలికపడుతుంది. తడిసినప్పుడు నీళ్లు చిమ్మే విద్యే ఇది. లాబ్రడార్ అయితే సెకనుకు నాలుగైదుసార్లు ఊగుతుంది, వదులు చర్మం అందుకు సాయపడుతుంది. చర్మంలో సున్నితమైన స్పర్శను పసిగట్టే నరాలు ఈ కదలికను పుట్టిస్తాయని 2024లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది.

తల ఒక్కటే అయితే చెవి చూడాల్సిందే. మా కుక్క వారం రోజులు తల విదిలిస్తుంటే అలవాటే అనుకున్నాను. చెవి లోపల పిడుదు ఉంది. ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చేలగట్ల మీద తిరిగే కుక్కలకు గడ్డి ముళ్లూ దిగుతాయి. వాసన, ఎరుపు, చీము ఉంటే నూనె పోయకండి, పశువైద్యుడికి చూపించండి. ఆలస్యమైతే చెవి డొప్పలో నెత్తురు చేరి ఉబ్బుతుంది.

ఆగని వణుకు మాత్రం వేరు. తిండి మానేసి వణుకుతుంటే ఈ రోజే తీసుకెళ్లండి.