విప్పే ముందు కాయితం చూడండి

అమెరికా నుంచి సెలవుకు అనంతపురం వచ్చి వారమైంది. నిన్న ప్రొద్దుటూరు నుంచి మా అన్నకు తెలిసినాయన ఇంటికి వచ్చాడు. "మావోడు అమెరికాలో సుబారు ఎస్టీఐ కారు కొన్నాడంట సామీ, ఇంజన్ పోయిందంట. విప్పి విడివిడిగా అమ్ముతానంటాడు. కేసు గీసు ఏమన్నా అయితదా?" అన్నాడు. అక్కడే పిల్లోడికి ఫోన్ కలిపి గంటసేపు మాట్లాడాను. కొత్తగా వెళ్ళే మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నా.

వాడు మొదట అడిగింది గేర్‌బాక్సుకు ఎంత వస్తుందని. నేను అడిగింది టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాయితం, ఎవరి చేతిలో ఉందని. లోన్ తీరలేదన్నాడు. ఫైనాన్స్ తీరకముందే ట్రాక్టరు ముక్కలు చేసి అమ్మితే ఏమవుతుందో మన సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడా అంతే. లోన్ ఉన్నంతవరకు బండి మీద బ్యాంకుకు హక్కుంటుంది. చివర్లో మిగిలిన బాడీని తీసుకెళ్ళే పాత బండ్ల యార్డువాళ్ళూ టైటిల్ అడుగుతారు. అది లేకపోతే ఆ డొక్కు నీ నెత్తినే ఉంటుంది.

ఇక సామాన్ల సంగతి. ఎస్టీఐలో ఇంజన్ చచ్చినా మిగతాదానికి గిరాకీ ఉంటుంది. ఆరు గేర్ల గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు ఇంజన్ బలం పంచేది), యాక్సిళ్ళు, హబ్బులు జతగా అమ్మాలి. మామూలు సుబారుకు బిగించుకునేవాళ్ళకు అన్నీ కావాలి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ రెండింటి గేర్ నిష్పత్తి కలవకపోతే డ్రైవ్‌ట్రెయిన్ దెబ్బతింటుంది. ఏ సంవత్సరం బండో తప్పకుండా రాయాలి. 2004 ఎస్టీఐ చక్రాల బోల్టులు 5x100 (అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు), 2005 నుంచి 5x114.3. ఈ ఒక్క మాట రాయక వాపసు వచ్చిన చక్రాలు నేను చూశాను, పంపిన ఖర్చంతా అమ్మినవాడికే పడింది. ఇంకొకటి, చక్రాలు ముందే అమ్మొద్దు. దొర్లని బండిని లాక్కెళ్ళడానికి ఎక్కువ అడుగుతారు.

ఎయిర్‌బ్యాగుల్లో పేలే మందు ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. ఏసీ గ్యాస్ గాల్లోకి వదిలితే చట్టవిరుద్ధం, షాపులో మిషన్‌తో తీయించాలి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను బాడీతోనే యార్డుకు వదిలేయడం మేలు.

నేను 2009లో నా బండి సీట్లు అమ్మితే ఒకాయన క్యాషియర్స్ చెక్ (బ్యాంకే పూచీపడి రాసిచ్చే చెక్కు) ఇచ్చాడు. ఖాతాలో డబ్బు కనపడింది, సీట్లు పంపేశాను. వారానికి చెక్కు దొంగదని తేలి బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కుంది. ఆ నెల అద్దెకు ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. అందుకే పెద్ద సామానైతే బ్యాంకులోనే నగదు తీసుకోండి, లేదా పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో కలవండి.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు ఇది గట్టిగా చెబుతున్నా. తాను వాడిన బండిని ఒకసారి అమ్ముకోవడం వేరు. డబ్బు బాగా వచ్చిందని ఇంకో పాత బండి కొని విప్పితే అది వ్యాపారం. అనుమతి లేని పని కిందికొస్తే వీసా స్టేటస్ పోతుంది. చాలా రాష్ట్రాల్లో దానికి లైసెన్స్ కూడా కావాలి.

ఫోన్ పెట్టేముందు లోన్ ఎంత మిగిలిందని అడిగాను. ఆరు వేల డాలర్లన్నాడు. లోన్ ఉన్నట్టు ప్రొద్దుటూరు నుంచి వచ్చినాయనకు అప్పటిదాకా తెలియదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ తీసుకుని, "ముందు అది కట్టేయి నాయనా, అంతవరకు పానా ముట్టుకోవద్దు" అన్నాడు.