టాబ్లెట్‌లో పాట కట్టేవారి ప్రశ్నలు: శాంపిళ్ళు ఎక్కడ దాచాలి, ఎలా కోయాలి

ఈ నెల విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. టాబ్లెట్‌లో సంగీతం చేసేవాళ్ళు శాంపిల్ ఫైళ్ళను (పాటలో వాడుకోవడానికి దాచుకున్న చిన్న శబ్దపు ముక్కలను) ఎక్కడ పెట్టుకోవాలి, పోకుండా ఎలా చూసుకోవాలి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: ఐప్యాడ్‌లో శాంప్లర్ (శాంపిళ్ళను వాయించే) యాప్ పదేపదే ఆగిపోతుంటే తీసేసి మళ్ళీ వేసుకున్నాను. యాప్ వచ్చింది గానీ, రెండేళ్ళుగా పోగేసుకున్న మూడొందల శబ్దాలు పోయాయి. ‘రీసెంట్లీ డిలీటెడ్’లోనూ లేవు. తిరిగొస్తాయా?
పాఠకుడు, గాజువాక

జవాబు: ఫైల్స్ యాప్‌లో ‘ఆన్ మై ఐప్యాడ్’ తెరిస్తే కొన్ని ఫోల్డర్ల మీద యాప్ బొమ్మ కనిపిస్తుంది. ఆ ఫోల్డర్లు మీవి కావు, ఆ యాప్‌వి. అక్కడ ఫైళ్ళు పెట్టడం అద్దింట్లో సామాను పెట్టడం లాంటిది. ‘డిలీట్ యాప్’ నొక్కగానే ఫోల్డరూ లోపలి ఫైళ్ళూ దాంతోపాటే పోతాయి. రీసెంట్లీ డిలీటెడ్‌లోకి వెళ్ళేవి ఫైల్స్ యాప్‌లో మీరు చేత్తో తీసేసినవి మాత్రమే.

వెనక్కి తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి, ఐక్లౌడ్ బ్యాకప్‌లో చివరి బ్యాకప్ తేదీ చూడండి. యాప్ తీసేసిన రోజుకు ముందుదైతే ఆశ ఉంది. కొత్త బ్యాకప్ వచ్చి దాన్ని తుడిచేయకుండా ముందు బ్యాకప్ స్విచ్ ఆపేయండి. పాత బ్యాకప్ 180 రోజులు నిలుస్తుంది. అయితే ఒక్క యాప్ డేటానే వెనక్కి తెచ్చే వీలు లేదు. ఐప్యాడ్ మొత్తం చెరిపి ఆ బ్యాకప్‌తో నింపాల్సిందే. కాబట్టి ఆ తేదీ తరువాత చేసిన పని అంతా ముందుగా కంప్యూటర్‌లోకి తీసుకోండి.

రెండో దారి మీ పాత పాటలే. గ్యారేజ్‌బ్యాండ్ (పాటలు కట్టే ఆపిల్ యాప్) బయటి ఆడియోను తెచ్చుకున్నప్పుడు దాని కాపీని సాంగ్ లోపలే ఉంచుకుంటుంది. ఆ శబ్దాలు వాడిన సాంగ్ తెరిచి, ఆ ట్రాక్‌ను సోలో చేసి (అదొక్కటే వినబడేలా పెట్టి), ఎఫెక్టులన్నీ ఆపి, అన్‌కంప్రెస్డ్ నాణ్యతలో షేర్ చేయండి. ఎఫెక్టులు ఆపడం మరిచిపోతే రివర్బ్ (గదిలో మారుమోగినట్టు వినిపించే ఎఫెక్టు) కూడా శాంపిల్‌లో కలిసిపోతుంది, దాన్ని మళ్ళీ విడదీయలేం.

ఇకముందు యాప్ మొరాయిస్తే ‘ఆఫ్‌లోడ్ యాప్’ వాడండి. యాప్ పోతుంది, ఫైళ్ళు ఉంటాయి. సెట్టింగ్స్, జనరల్, ఐప్యాడ్ స్టోరేజ్‌లో యాప్ పేరు నొక్కితే ‘డిలీట్ యాప్’ పైనే కనిపిస్తుంది.

అంతకన్నా ముఖ్యం, ‘ఆన్ మై ఐప్యాడ్’లో ఖాళీ చోట వేలు నొక్కిపట్టి ‘న్యూ ఫోల్డర్’తో మీ సొంత ఫోల్డర్ పెట్టుకోండి. అది ఏ యాప్‌దీ కాదు. లోపల నాలుగు అరలు చాలు: దిగినవి, అసలు రికార్డింగులు, కోసినవి, కొన్న ప్యాకులు. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలూ ముందు ‘దిగినవి’లో పడాలి, విని పేరు పెట్టాకే మిగతా అరల్లోకి వెళ్ళాలి. ‘అసలు రికార్డింగులు’లో ఉన్నదాన్ని ఎప్పుడూ కోయకండి. ఈరోజు అక్కర్లేదనుకుని తీసేసిన దెబ్బ చివరి మోగుడే రేపటి పాటకు కావలసి వస్తుంది. యాప్‌లోకి పంపేది కాపీ, మీ ఫోల్డర్‌లో ఉన్నది అసలు.

ప్రశ్న: రెండు జీబీ ఫైళ్ళు తీసేసినా స్టోరేజ్ నిండిందనే అంటోంది. ఎందుకు?
పాఠకురాలు, మధురవాడ

జవాబు: తీసేసినవి రీసెంట్లీ డిలీటెడ్‌లో 30 రోజుల దాకా చోటు పట్టుకునే ఉంటాయి. అక్కడ కూడా ఖాళీ చేయండి. విప్పేసిన జిప్ ఫైలు పక్కనే మిగిలిపోయిందేమో చూడండి. వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్ళు జిప్ చేసినా పెద్దగా చిక్కవు, కాబట్టి 2 జీబీ ప్యాక్ విప్పితే దాదాపు 4 జీబీ పోతుంది. గ్యారేజ్‌బ్యాండ్ సౌండ్ లైబ్రరీలో వాడని ప్యాకులు కూడా తీసేయవచ్చు, కావాలంటే మళ్ళీ దింపుకోవచ్చు.

లెక్క తెలిస్తే ముందుచూపు ఉంటుంది. కిలోహెర్ట్జ్ అంటే ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో, బిట్ అంటే ఒక్కో కొలత ఎంత వివరంగా ఉందో చెప్పే లెక్క. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో ఫైలు నిమిషానికి 17.3 ఎంబీ, గంటకు జీబీకి కాస్త పైన. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ అయితే నిమిషానికి 10.6 ఎంబీ. మోనో (ఒకే చానెల్) అయితే ఇందులో సగం. ఒకే మైకుతో తీసిన డప్పు దెబ్బను స్టీరియోలో దాస్తే రెండు వైపులా ఒకే శబ్దం ఉంటుంది. మోనో చేసినా చెవికి తేడా తెలియదు, చోటు సగం మిగులుతుంది.

ప్రశ్న: అన్నీ ‘ఆడియో 1’, ‘ఆడియో 2’ అనే ఉన్నాయి. కావలసింది దొరకడానికి అరగంట పడుతోంది.
సంగీతం నేర్పే పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: వినకుండానే శబ్దం తెలిసేలా పేరు ఉండాలి. వాద్యం, రకం, టెంపో (నిమిషానికి బీట్లు), శ్రుతి, వరుస సంఖ్య, ఇదీ క్రమం. ‘veena_padam_090_G_03’ అని చూడగానే తొంభై టెంపోలో, ఐదు శ్రుతిలో ఉన్న మూడో టేక్ అని తెలిసిపోవాలి. టెంపోను మూడంకెల్లోనే రాయండి. 90 అని ఊరికే రాస్తే కొన్ని యాప్‌లలో 120 తరువాతికి పోతుంది.

మీకు శ్రుతి సంఖ్యల అలవాటు ఉంటుంది, యాప్‌లకేమో ఇంగ్లీషు అక్షరాలు కావాలి. 1 అంటే సి, 2 డి, 3 ఈ, 4 ఎఫ్, 5 జి, 6 ఏ. ఒకటిన్నర సి షార్ప్, రెండున్నర డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదున్నర జి షార్ప్. షార్ప్ గుర్తు బదులు ‘ఎస్’ అక్షరం వాడండి. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు పేర్లు ఫైల్స్ యాప్‌లో బాగానే కనిపిస్తాయి గానీ, కొన్ని సంగీత యాప్‌లలో డబ్బాలుగా మారిపోతాయి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో కోసిన తప్పెటగుళ్ళ లూప్‌ను (మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్కను) టాబ్లెట్‌లోని శాంప్లర్‌లో వేస్తే వేగంగా, సన్నగా వినిపిస్తోంది. టెంపో తగ్గిస్తే దెబ్బ చెడిపోతోంది.
పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: టెంపో ముట్టుకోకండి, తప్పు అక్కడ లేదు. ఫైలు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉండి, దాన్ని మార్చుకోకుండా యాప్ 48లో వాయిస్తున్నట్టుంది. 48ని 44.1తో భాగిస్తే 1.088. అంటే వేగం దాదాపు తొమ్మిది శాతం, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్లు (సి నుంచి సి షార్ప్‌కు ఒక సెమిటోన్) పెరుగుతాయి. పరీక్ష తేలికే: సరిగ్గా నిమిషం ఉన్న ఫైలు 55 సెకన్లలో అయిపోతే జబ్బు ఇదే.

ల్యాప్‌టాప్‌లో అడాసిటీ (ఆడియో కోసే సాఫ్ట్‌వేర్) ఉంటే ట్రాక్స్ మెనూలోని ‘రీశాంపిల్’తో 48000కి మార్చి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ట్రాక్ పేరు పక్క మెనూలో ‘రేట్’ అని మరొకటి ఉంటుంది, చాలామంది తడబడేది అక్కడే. అది ఫైలును మార్చదు, మీద ఉన్న చీటీ మాత్రమే మారుస్తుంది. దాంతో సరిగ్గా మీరు చెప్పిన తేడాయే వస్తుంది. ఇకపై టాబ్లెట్, ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ మూడింటినీ 48 మీదే ఉంచుకోండి.

ఇంకొకటి. తప్పెటగుళ్ళ బృందం గుండెకు వాద్యం కట్టుకుని ఎగురుతూ వాయిస్తుంది. ఆట ముదిరేకొద్దీ కాలం పెరుగుతుంది, అది ఆ కళ అందం. దాన్ని మెట్రోనోమ్‌కు (టిక్ టిక్‌మంటూ కాలం చూపేదానికి) కట్టి లూప్ చేయాలని చూడకండి. ఒక్కొక్క దెబ్బను విడిగా, మెల్లగా, గట్టిగా కనీసం నాలుగు స్థాయిల్లో రికార్డ్ చేసుకుని ప్యాడ్ల మీద వాయించండి. ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ మోగితే మర తుపాకీలా వినిపిస్తుంది, నాలుగుంటే ప్రాణం వస్తుంది.

ప్రశ్న: మిశ్రచాపులో (ఏడు బీట్ల తాళం) డప్పు లూప్ ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) కోశాను. గ్యారేజ్‌బ్యాండ్‌లో మిగతా ట్రాక్‌లతో కలవడం లేదు, చివర్లో ఖాళీ కూడా వస్తోంది.
పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఐప్యాడ్ గ్యారేజ్‌బ్యాండ్‌లో 4/4, 3/4, 6/8 లెక్కలే ఉన్నాయి, ఏడు లేదు. మీ ఏడు బీట్ల లూప్ నాలుగు బీట్ల బార్లలో పడి, రెండో ఆవర్తం రెండో బార్‌లోని నాలుగో బీట్‌లో మొదలవుతుంది. నాలుగూ ఏడూ కలిసేది 28 దగ్గర. కాబట్టి ఒక ఆవర్తం కాకుండా నాలుగు ఆవర్తాలు కలిపి కోయండి, సరిగ్గా 7 బార్లు. సెక్షన్ (పాటలో ఒక భాగం) మామూలుగా 8 బార్లు ఉంటుంది, మీకు వచ్చే ఖాళీ ఆ ఎనిమిదో బారే. రూలర్ కుడి చివరి ప్లస్ గుర్తు నొక్కి, సెక్షన్ పొడవును 7కు దించండి.

120 టెంపోలో బీట్‌కు అర సెకను, 28 బీట్లకు 14 సెకన్లు. 48 కిలోహెర్ట్జ్‌లో 6,72,000 శాంపిళ్ళు (ఇక్కడ శాంపిల్ అంటే ధ్వని కొలత, శబ్దపు ముక్క కాదు). ఎడిటర్‌లో ఈ సంఖ్య కచ్చితంగా రావాలి. కాస్త అటూ ఇటూ అయితే మొదటి నిమిషంలో తెలియదు, మూడో నిమిషానికి డప్పు వేరు, పాట వేరు.

కోసే చోటు కూడా చూడాలి. చెవుల్లో మెట్రోనోమ్ పెట్టి ఆరు ఆవర్తాలు వాయించండి. మొదటిదీ చివరిదీ వదిలేసి, రెండు నుంచి ఐదు దాకా తీసుకోండి. అప్పుడు మొదటి ఆవర్తపు చివరి దెబ్బ మోగుడు మీ లూప్ మొదట్లోకి వచ్చి చేరుతుంది. లూప్ చివర తెగిపోయిన మోగుడు అక్కడ కొనసాగినట్టే ఉంటుంది, అతుకు కనబడదు. మొదట ఒక మిల్లీసెకను, చివర ఐదు మిల్లీసెకన్లు ఫేడ్ ఇవ్వండి (మొదట శబ్దం మెల్లగా పెరిగేలా, చివర మెల్లగా తగ్గేలా). మొదట్లో అంతకంటే ఎక్కువ ఇస్తే దెబ్బ పదును పోతుంది.

ఆ లూప్‌ను ఎంపీ3గా దాచకండి. ఎంపీ3 తయారయ్యేటప్పుడే మొదటా చివరా కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ తడబడుతుంది. ఎంపీ3ని మళ్ళీ వేవ్ చేసినా పోయిన నాణ్యత తిరిగి రాదు.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో ఫోన్‌తో అలల శబ్దం తీశాను. లూప్ చేస్తే అతుకు దగ్గర టక్కుమంటోంది.
పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ఐఫోన్ అయితే ముందు వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని ‘లాస్‌లెస్’ చేయండి, మామూలుగా కుదించి దాస్తుంది. మైకుకు స్పాంజి తొడుగు లేకపోతే అలల కంటే గాలే ఎక్కువ పడుతుంది. వంద హెర్ట్జ్ కన్నా లోతైన ధ్వనులను కోసేస్తే ఆ గుడగుడ చాలావరకు పోతుంది.

అతుక్కి పాత పద్ధతే మంచిది. 40 సెకన్ల ముక్కను సరిగ్గా మధ్యలో రెండుగా కోయండి. రెండో సగాన్ని ముందుకు, మొదటి సగాన్ని వెనక్కి జరపండి. ఇప్పుడు అతుకు నడిమధ్యకు వచ్చింది, అక్కడ మూడు సెకన్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా క్రాస్‌ఫేడ్ చేయండి (ఒకటి తగ్గుతుంటే మరొకటి పెరగాలి). 37 సెకన్ల ఫైలు వస్తుంది. దాని మొదలూ చివరా అసలు రికార్డింగ్‌లో పక్కపక్కన ఉన్నవే, కాబట్టి ఎంతసేపు తిరిగినా టక్కుమనదు. క్రాస్‌ఫేడ్ లేని యాప్‌లో రెండు ట్రాక్‌ల మీద పెట్టి వాల్యూమ్ ఆటోమేషన్‌తో ఇదే పని చేయొచ్చు.

ప్రశ్న: మాది ఆండ్రాయిడ్ టాబ్లెట్. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?
పాఠకుడు, కంచరపాలెం

జవాబు: వర్తిస్తాయి. ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్‌లోని ‘డేటా’లో శాంపిళ్ళు పెట్టకండి. ఆండ్రాయిడ్ 11 నుంచి బయటి ఫైల్ మేనేజర్లకు అందులోకి దారి మూసేశారు, యాప్ తీసేస్తే అదీ పోతుంది. ‘మ్యూజిక్’ లోపల సొంత ఫోల్డర్ పెట్టుకోండి.

ప్రశ్న: శాంపిళ్ళన్నీ క్లౌడ్‌లో ఉంటే సరిపోదా? పెన్‌డ్రైవ్ కూడా కావాలా?
పాఠకుడు, భీమిలి

జవాబు: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్ళో కరెంటూ నెట్టూ లేకుండా రోజులు గడిచాయి. క్లౌడ్‌లో ఉన్నది అలాంటప్పుడు చేతికి రాదు. ఇంట్లో డ్రైవ్ ఒక్కటే ఉంటే అది తడిసిపోతే అంతే. రెండూ ఉండాలి.

ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. మీ సొంత రికార్డింగులే అందులో పెట్టండి, కొన్న ప్యాకులు మళ్ళీ దింపుకోవచ్చు. చోటు తగ్గినప్పుడు ఐప్యాడ్ కొన్ని ఫైళ్ళను క్లౌడ్‌లోనే వదిలేస్తుంది. పేరు పక్కన మబ్బు, కింది బాణం కనిపిస్తే ఆ ఫైలు మీ దగ్గర లేనట్టే. స్టేజి మీదికి వెళ్ళేముందు వాటిని నొక్కి దింపుకోండి. ఐప్యాడ్‌ఓఎస్ 18 నుంచి ఫైలు నొక్కిపట్టి ‘కీప్ డౌన్‌లోడెడ్’ ఎంచుకోవచ్చు.

డ్రైవ్‌ను కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేయండి, ఒక్కటే పార్టిషన్ ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐప్యాడ్ చాలా డ్రైవ్‌లకు సరిపడా కరెంటు ఇవ్వలేదు, ఛార్జర్ తగిలించుకునే వీలున్న అడాప్టర్ కావాలి. డ్రైవ్ నుంచి నేరుగా వాయించకండి, టాబ్లెట్‌లోకి కాపీ చేసుకుని వాడండి. కాపీ పూర్తయ్యాక రెండు మూడు ఫైళ్ళు డ్రైవ్‌లోనే తెరిచి చివరిదాకా విని, ఆ తరువాతే తీగ పీకండి.

స్నేహితులకు వాట్సాప్‌లో పంపాలంటే ఆడియోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. వాళ్ళు దించుకున్న ఫైలు సైజు మీ ఫైలు సైజుతో ఎంబీల దాకా సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో కుదించినట్టే, మళ్ళీ పంపండి.