అమెరికాలో నల్లజాతి వాళ్ళ ఓటు హక్కు పోరాటం మీద తీసిన సెల్మా సినిమాలో బ్రిడ్జి మీద జనాన్ని కొట్టే సీన్ నిజంగా జరిగిందేనా?

అవును అండీ, అక్షరాలా జరిగిందే. 1965 మార్చి 7, ఆదివారం, అమెరికాలోని అలబామా రాష్ట్రం. నల్లజాతి వాళ్ళు ఓటు కోసం వెళ్తే రిజిస్టర్ చేసుకోకుండా ఏవేవో ప్రశ్నలడిగి తిప్పి పంపేసేవాళ్ళు, దానికి తోడు ఫిబ్రవరిలో జిమ్మీ లీ జాక్సన్ అనే కుర్రాణ్ణి ఒక ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) కాల్చాడు, ఆ కుర్రాడు చనిపోయాడు, ఇక ఊరుకోలేక సుమారు 600 మంది సెల్మా అనే ఊరి నుంచి రాజధాని మాంట్‌గోమరీకి నడిచి వెళ్దామని బయల్దేరారు.

ముందు వరసలో ఉన్న ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ వీపున బ్యాగులో ఏమున్నాయో తెలుసా, ఒక ఆపిల్, ఒక ఆరెంజ్, టూత్‌బ్రష్, పేస్టు, చదువుకోడానికి పుస్తకాలు. మహా అయితే అరెస్ట్ చేసి జైల్లో పెడతారనుకున్నాడు పాపం. సెల్మాలోని ఎడ్మండ్ పెటస్ బ్రిడ్జి దాటేసరికి ట్రూపర్లు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో మీద పడ్డారు, షెరీఫ్ మనుషులైతే గుర్రాల మీదొచ్చి మరీ కొట్టారు. లూయిస్ పుర్రె చిట్లింది. ఆ నడకలోనే ఉన్న ఉద్యమకారిణి అమీలియా బోయింటన్ స్పృహ తప్పి పడిపోయిన ఫొటో చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఇదంతా ఆ రాత్రే టీవీలో దేశమంతా చూసింది, ఆగస్టు 6న నల్లజాతి వాళ్ళ ఓటు హక్కుని కాపాడే ఓటింగ్ రైట్స్ యాక్ట్ అనే చట్టం మీద సంతకం పడింది.

ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆ రోజు అక్కడ లేడు, సినిమాలోనూ అలాగే చూపించారు. అప్పటి అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్‌ని మాత్రం ఈ పోరాటానికి మరీ అడ్డుపడేవాడిలా చూపించారని చాలామంది అన్నారు, నాకూ అలాగే అనిపించింది. సినిమాలో కింగ్ స్పీచ్‌లు కూడా ఒరిజినల్ కాదు, రైట్స్ దొరక్క కొత్తగా రాసుకున్నారు.