రంగం తాత

ప్రశ్న: మా తాతను వీధిలో అందరూ ‘రంగం తాత’ అనేవారు. నాటకాలు వేసేవారేమో అనుకునేదాన్ని. బర్మా వెళ్లొచ్చారని ఈమధ్యే అమ్మ చెప్పింది. రంగం అంటే రంగూనేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: రంగూనేనమ్మా. మన వైపు వాళ్లకి ఆ ఊరు రంగమే. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి, అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పనికి వేలమంది వెళ్లారు.

మా ఇంట్లోనూ ఒక రంగం తాత ఉండేవాడు. 1935లో వెళ్లాడు. అప్పటికి మనది మద్రాసు రాష్ట్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. ఊరు ఉన్నచోటే ఉంది, తాత మాత్రం వేరే రాష్ట్రానికి తిరిగొచ్చాడు!

1941 డిసెంబర్ 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. తాత, మామ్మ అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ దాకా నడిచారు. మామ్మ కాళ్లు పుళ్లు పడితే తాత తన పంచె చించి కట్టాడట. ఎన్నేళ్లయినా మామ్మది ఒకటే బాధ: “కొత్త పంచె నాయనా, ఒక్క ఉతుకైనా పడలేదు!”

ఆ దారిలో వాళ్లు వదలని వస్తువు మామ్మ ఆకువక్కల డబ్బా. ఎర్ర లక్కపూతది, మూత అంచు కాస్త పెచ్చు లేచింది. మామ్మ పోయాక తాత రోజూ సాయంత్రం ఒక తమలపాకుకి సున్నం రాసి, మడిచి అందులో పెట్టేవాడు. ఆయనకి మాత్రం కిళ్లీ అలవాటే లేదు.

మీ అటక మీద పాత ట్రంకుపెట్టె ఉంటే ఓసారి దింపించి చూడండి.