తిరుపతిలో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఎలక్ట్రిక్ సైకిల్ మంచిదా, రోడ్ బైక్ మంచిదా?

మంగళం నుంచి బాలాజీ కాలనీలోని ఆఫీసుకు రోజూ వెళ్లాలి, బరువు కూడా తగ్గాలి, 45,000 రూపాయల్లో ఏది కొనమంటారు అని అడిగారు. మీ అవసరానికి ఎలక్ట్రిక్ సైకిలే సరైంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. మా ఆవిడ స్కూలుకు ఎలక్ట్రిక్ సైకిల్ మీద వెళ్తుంది, నేను ఆదివారాలు రోడ్ బైక్, అంటే వేగం కోసం తేలిగ్గా చేసిన మోటార్ లేని సైకిల్, తొక్కుతాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

చాలామంది ఎత్తు పల్లాల గురించే ఆలోచిస్తారు. కొండ వైపు వెళ్లే కొద్దీ రోడ్డు మెల్లగా ఎత్తెక్కే మాట నిజమే కానీ, గేర్లున్న మామూలు సైకిల్‌తో కూడా అది ఎక్కేయొచ్చు. అసలు చూసుకోవాల్సింది, సైకిల్ దిగేసరికి మీరు ఎలా ఉండాలి అన్నది. దిగగానే సీట్లో కూర్చుని నలుగురితో మాట్లాడాలంటే చెమట పెద్ద సమస్య. మే నెలలో ఇక్కడ పొద్దున తొమ్మిదింటికే ఎండ చుర్రుమంటుంది. దానికి తోడు లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటోలు, యాత్రికుల బస్సుల మధ్య ఆగుతూ కదులుతూ వెళ్లాలి. సైకిల్ మీద ఎక్కువ అలసట వచ్చేది ఇలా ఆగిన చోటి నుంచి మళ్లీ కదలడానికే. మోటార్ బాగా ఆదుకునేది కూడా సరిగ్గా అక్కడే. మా ఆవిడ నోటుపుస్తకాల సంచి క్యారియర్‌కు కట్టుకుని వెళ్లి, దిగగానే ఫస్ట్ పీరియడ్‌కు వెళ్లిపోతుంది. నా రోడ్ బైక్ మీద ఆ పని కుదరదు.

మోటార్ ఉంటే వ్యాయామం ఏముంటుంది అన్న మీ సందేహం న్యాయమైనదే. మీ బడ్జెట్‌లో వచ్చే సైకిళ్లలో ఎక్కువ వాటికి, పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సార్ ఉంటుంది. మీరు ఎంత గట్టిగా తొక్కుతున్నారో దానికి తెలియదు. ఊరికే కాళ్లు ఆడించినా లాక్కెళ్లిపోతుంది. అందుకని పొద్దున మోటార్ సాయం ఎక్కువ పెట్టుకోండి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తగ్గించుకోండి లేదా పూర్తిగా ఆపేయండి. ఇరవై కిలోలకు పైగా బరువున్న సైకిల్‌ను మోటార్ లేకుండా ఇంటిదాకా తొక్కితే ఒళ్లు బాగానే వంగుతుంది. కొన్నాక థ్రాటిల్ (తొక్కకుండానే చేత్తో మోటార్ నడిపించేది) మాత్రం వాడకండి. అది అలవాటైతే ఇక కాళ్లు కదలవు.

రోడ్ బైక్ అంటే నాకు ప్రాణం. తెల్లవారుజామున జూపార్క్ రోడ్డు మీద, చంద్రగిరి వైపు దాని మీద పోతుంటే వచ్చే ఆనందం ఇంకే సైకిల్ మీదా రాదు. పది కిలోల చుట్టూ ఉండే బరువు, సన్నటి టైర్లు, ముందుకు వంగి కూర్చోవడం, అన్నీ వేగం కోసమే. ఎలక్ట్రిక్ సైకిల్ మోటార్ గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన వెళ్లాలంటే ఆ బరువంతా మీరే లాగాలి. అందుకే రోడ్ బైక్ మిత్రులతో ఆదివారం దూరం పోవాలని ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్ సరిపోదు. కానీ ఆ సన్నటి టైర్లలో గాలి కాస్త తగ్గి గుంతలో పడిందంటే పంక్చరే. మడ్‌గార్డ్, క్యారియర్, స్టాండ్ ఉండవు. ఆఫీసు బయట రోజంతా వదిలి రావడానికి మనసొప్పదు.

బ్యాటరీ విషయంలో జాగ్రత్తపడండి. విడిగా తీసి ఇంట్లోకి తెచ్చుకునే రకమే కొనండి, మీది మేడమీద ఇల్లయితే మరీను. లిథియం బ్యాటరీని ఎక్కువగా పాడుచేసేది వేడి. ఫుల్ చార్జ్‌లో ఉండగా ఎండలో పెడితే ఇంకా త్వరగా దాని శక్తి తగ్గిపోతుంది. తొక్కి రాగానే కాకుండా, చల్లారాక చార్జింగ్ పెట్టండి. రాత్రంతా గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టి పడుకోవద్దు. 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్ అని రాసి ఉంటే దాదాపు 280 వాట్ అవర్లు. అంటే ఒకసారి చార్జింగ్‌కు యూనిట్‌లో మూడో వంతు కరెంటు కూడా కాదు. మీరూ తొక్కుతూ పోతే పాతిక ముప్పై కిలోమీటర్లు వస్తుంది. మీకు రానూపోనూ చాలు. అయితే కొన్నేళ్లకు బ్యాటరీ మార్చక తప్పదు, ఆ ధర కొనేరోజే అడగండి.

రిపేరు సంగతి కూడా అడగండి. మా ఎలక్ట్రిక్ సైకిల్‌లో మోటార్‌ను అదుపు చేసే కంట్రోలర్ పోయినప్పుడు వీధి చివరి సైకిల్ షాపు వాళ్లు ముట్టుకోలేదు. కంపెనీ వాళ్లు విడిభాగం పంపించేసరికి వారాలు పట్టింది, అన్నాళ్లూ మా ఆవిడకు టెన్షనే. ఊళ్లోనే సర్వీసు ఉన్నవాళ్ల దగ్గర కొనడం మేలు. వానాకాలంలో 2021 నవంబరు లాంటి వానలు పడితే రైల్వే అండర్‌పాస్‌లలో నీళ్లు నిలుస్తాయి. చక్రంలో మోటార్ ఉన్న సైకిల్‌ను ఆ నీళ్లలో దింపకండి, చుట్టూ తిరిగి రండి.

250 వాట్ల లోపు మోటార్, 25 కిలోమీటర్ల లోపు వేగం అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్పీడు పెంచి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అప్పుడది చట్టం దృష్టిలో మోటారు వాహనమే.

డబ్బు కట్టే ముందు షాపు ముందు చదును రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చేయకుండా, కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఎక్కించి చూస్తామని అడగండి. ఒకసారి మోటార్‌తో, ఒకసారి మోటార్ ఆపేసి తొక్కండి. ఆపేసినప్పుడు మోకాళ్లు మరీ నొప్పిగా అనిపిస్తే, ఇంకాస్త తేలికైనది, గేర్లున్నది చూపించమనండి.