బుజ్జీ, ముందు ఆ నీలం సంగతి చూడు

హ్యూస్టన్

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన 11 ఫొటోలూ చూశాను. ఉప్పునీటి అక్వేరియం ట్యాంక్ చక్కగా పెట్టావు, అందులోని ప్రాణమున్న పగడాలు కూడా బాగా విచ్చుకున్నాయి. ఫొటోల్లో మాత్రం సిరా ఒలికినట్టు అంతా నీలమే. మంచి కెమెరా కొననా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా, నీ ఫోన్ చాలు.

ఆ నీలం ఎక్కడిదో ముందు తెలుసుకో. ట్యాంక్ మీది ఎల్ఈడీలు ఎక్కువగా నీలి కాంతినే ఇస్తాయి. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మమైన ఆల్గే, అంటే నాచు, ఆ కాంతితోనే ఆహారం తయారుచేసి పగడానికీ పెడుతుంది. అదే నీలం తగిలి పగడంలోని కొన్ని ప్రొటీన్లు ఆకుపచ్చగా, నారింజగా మెరుస్తాయి. మన కన్ను కాసేపటికి నీలానికి అలవాటుపడి ఆ మెరుపుని పట్టుకుంటుంది. ఫోన్‌కి అది చేతకాదు, మిగతా రంగులన్నీ నీలంలో మునిగిపోతాయి. అందుకే లెన్స్ ముందు నారింజ రంగు ఫిల్టర్ పెట్టాలి. పగడాల ఫొటోల కోసమే క్లిప్పుతో వచ్చేవి దొరుకుతాయి. అది నీలాన్ని చాలావరకు ఆపేసి, పగడం మెరిసే రంగుల్ని లోపలికి వదులుతుంది. అది వచ్చేలోగా లైట్ల నీలం తగ్గించి, తెలుపు పెంచి, ఓ పది నిమిషాలు తీసి చూడు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే, తెలుపు తెల్లగా పడేలా రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని 10,000 కెల్విన్ వైపు జరుపు. అడుగున ఉన్న తెల్ల ఇసుక తెల్లగా కనిపించిందంటే దారిలో పడ్డట్టే.

తీశాక రంగుల గాఢత పెంచే శాచురేషన్ జోలికి మాత్రం పోకు, ఇది గట్టిగా చెప్తున్నాను. అలా రంగు పెంచిన ఫొటో చూసి ఒకసారి నేనూ ఒక పగడం ముక్క తెప్పించుకున్నాను. పెట్టె విప్పితే మామూలు గోధుమ రంగుది. చాలా బాధేసింది. రేపు నువ్వు నీ పగడాల ముక్కలు అమ్మినా, ఊరికే పంచినా, కంటికి కనిపించిన రంగే ఫొటోలో ఉండాలి.

నీ ఏడో ఫొటోలో టార్చ్ కోరల్ అనే ఆ పొడుగు వేళ్ళ పగడం సాగినట్టుంది, అంచుల్లో రంగులు విడిపోయాయి. ఫోన్ ఏటవాలుగా పట్టుకున్నావు కదా? అద్దంలోంచి, నీళ్లలోంచి వంకరగా చూస్తే అంతే. కింద కూర్చుని, ఫోన్‌ని అద్దానికి సమాంతరంగా, దాదాపు ఆనించి పట్టుకో. గదిలో లైట్లు ఆపెయ్, ఫ్లాష్ అసలే వద్దు. బయట అద్దం మీది ఉప్పు చారలు వెనిగర్ తడిపిన బట్టతో తుడిస్తే పోతాయి. లోపలి పాచి ముందు రోజే గీకెయ్, అప్పుడు రేగిన నలకలు ఫొటోలో పడవు.

ఇక పంపు. ట్యాంక్‌లో నీళ్లు కదిలించే అలల పంపు ఆపకపోతే పగడాల కొసలు కదిలి చెదిరిపోతాయి. పది నిమిషాలు ఆపితే చాలు, కానీ అలారం పెట్టుకుని ఆపు. ఒక రాత్రి నేను తిరిగి వెయ్యడం మర్చిపోయాను. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. ఆ టెన్షన్ నీకొద్దు.

లైట్లు వెలిగిన మూడు నాలుగు గంటలకు పగడాలు పూర్తిగా విచ్చుకుంటాయి, అప్పుడు తియ్యి. మొత్తం ట్యాంక్ ఫ్రేములో పట్టించాలని చూడకు. పగడాలకి చుట్టమైన చిన్న జీవి జొయాంథిడ్ ఉంది కదా, ఒక్కదాని దగ్గరికి వెళ్ళు. చొక్కా గుండీ అంత బిళ్ళ, చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లాంటి అంచు, నడిమధ్యన సన్నని గీతలా నోరు. ఫోకస్ ఆ నోటి మీద తాకించి లాక్ చేసి, వెలుగు కాస్త కిందికి లాగు. మోచేతులు మోకాళ్ళకి ఆనించుకో. చేప కూడా పడాలంటే షట్టర్ సెకనులో 1/125 వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. ఫొటో కోసమని జొయాంథిడ్‌లని ఉత్తి చేత్తో సర్దకు తల్లీ, కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.

విశాఖలో అమ్మమ్మ తనకీ ఇలాంటి ట్యాంక్ కావాలంటోంది. అక్కడ నీ టార్చ్ కోరల్ లాంటి రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. ఆవిడ చూడగలిగేది నీ ఫొటోల్లోనే. కాబట్టి ఈ శనివారం ఆ టార్చ్ కోరల్ ఒక్కదాన్నే ఓ ముప్ఫై సార్లు తియ్యి. ఎడిట్ చెయ్యకుండా అన్నీ నాకు పంపు, ఏది అమ్మమ్మకి పంపాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
మామయ్య