తడి చూసుకో, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదల్లేదు. మధురవాడ ఫ్లాట్‌కి వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే రెండు కరివేపాకు మొక్కలు పోయాయి, పుదీనా కుళ్లింది, ఎండబెట్టి దాచిన మెంతాకుకి బూజు పట్టింది అన్నావు. "నా చెయ్యి అంతే పెద్దమ్మా, ఏదీ బతకదు" అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. నీ చేతిలో ఏ లోపమూ లేదు. నువ్వు పెరిగింది అనంతపురంలో. అక్కడ పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు, డాబా మీద పరిచిన ఆకు ఒక్క పూటలో గలగలలాడుతుంది. విశాఖలో గాలే తడి. మీ అమ్మ నేర్పిన పద్ధతులన్నీ మంచివే, కానీ అవి ఆ ఊరికి. ఇక్కడ కుండీ నుంచి సీసా దాకా తడి ఎక్కడుందో చూసుకోవడమే పని.

ముందు కుండీ కింద పెట్టిన ఆ పళ్లేలు తీసెయ్. టైల్స్ పాడవుతాయని అంటావు, రెండు ఇటుకలు పెట్టి కుండీ ఎత్తు. ఎం.వి.పి. కాలనీ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నా మొదటి కరివేపాకు ఇలాగే పోయింది. ఆకు పసుపు రంగుకి తిరుగుతుంటే దాహమేమో అనుకుని రోజుకి రెండు చెంబులు పోశాను. చివరికి పెకలించి చూస్తే అడుగు కన్నం మట్టితో మూసుకుపోయి ఉంది. వేళ్లు నల్లగా, జిగటగా, మురుగు వాసన. అప్పటి నుంచి నేను చేసేది ఒకటే. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చుతాను. చల్లగా, తడిగా తగిలితే చెంబు పక్కన పెట్టేస్తాను. వానాకాలంలో ఒక్కోసారి వారం రోజులు నీళ్లే పోయను.

మట్టికి ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు కలుపు. బీచ్ దగ్గరే కదా అని అక్కడి ఇసుక మాత్రం తేకు. అందులో ఉప్పు ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు నాలుక మీద ఉప్పగా తగిలితే అవీ వద్దు. కుళాయి నీళ్లో, బియ్యం కడిగిన నీళ్లో పొయ్.

కరివేపాకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, అది మన వంటింటి ప్రాణం. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో పొడుగ్గా ఒంటి కాడతో ఉన్నది కాకుండా, పొట్టిగా, కాండం పెన్సిలంత లావుగా ఉన్నది ఎంచుకో. పన్నెండు అంగుళాల కుండీ, రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. మొదటి ఏడాది అది ఎదగనట్టే ఉంటుంది, టెన్షన్ పడకు. మోకాలెత్తు వచ్చాక కొస తుంచెయ్, పక్క కొమ్మలు వస్తాయి. పూత వస్తే అదీ తుంచు. నెలకోసారి నేను గ్లాసు పుల్ల మజ్జిగని పది గ్లాసుల నీళ్లలో కలిపి పోస్తాను, మా అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది చాలాసార్లు రెట్ట కాదు, సీతాకోకచిలుక పిల్ల పురుగు. ముట్టుకుంటే కదులుతుంది. పెద్దదై పచ్చగా మారాక ఒకటి రెండు రోజుల్లో చిన్న మొక్కని బోడి చేసేస్తుంది. మందు కొట్టకు, తినే ఆకు. చేత్తో ఏరెయ్.

పుదీనాకి డబ్బులు పెట్టక్కర్లేదు. రైతుబజారు కట్టలో లావు కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తీసి, గ్లాసు నీళ్లలో ఉంచు. రోజూ నీళ్లు మారుస్తుంటే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. దానికి విడిగా వెడల్పు తొట్టి ఇవ్వు, వేరే మొక్కతో కలిపితే దాన్ని మింగేస్తుంది. మధ్యాహ్నం నీడ ఉంటే చాలు.

కొత్తిమీర కార్తీక మాసంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం చల్లు. కొట్లో ధనియాలే చాలు, కొత్తవైతే. వాటిని పీట మీద పోసి చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చెయ్. పిండి కాకూడదు. ఒక్కో ధనియంలో రెండు గింజలు ఉంటాయి. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే పది రోజులకి మొలక, నలభై రోజులకి కోత. ఎండాకాలంలో వేస్తే ఆకు పెట్టకముందే పూతకొస్తుంది, ఆ నెలల్లో బజారులో కొనుక్కో. మార్చిలో ఎలాగూ నాలుగు మొక్కలు పూతకొస్తాయి, వాటిని ఉంచెయ్. పచ్చి ధనియాలు చారులో నలిపి వేసి చూడు, ఆ వాసన ఏ బజారులోనూ దొరకదు. మెంతికూర ఇంకా సులువు, మూడు నాలుగు వారాల్లో కోసుకోవచ్చు.

ఇప్పుడు కోత. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యి. కొత్తిమీర వేళ్లతో సహా పీకకు, బయటి కాడలు కోసుకుంటూ లోపలి చిగురు వదిలెయ్. పుదీనా మాత్రం ధైర్యంగా రెండు అంగుళాలు వదిలి మొత్తం కొయ్యి, మళ్లీ గుబురుగా వస్తుంది. కరివేపాకు ఒక్కో ఆకు గిల్లకు, రెబ్బ మొత్తం తియ్.

నీ మెంతాకు సంగతి. నువ్వు బాల్కనీలో సముద్రపు గాలికి ఆరబెట్టావు, పైన ఎండినట్టు అనిపించింది, కాడలో తడి ఉండిపోయింది. ఇక్కడ నేను చేసేది చెప్తాను. ఆకు కడిగి, నీళ్లు దులిపి, పాత నూలు చీర మీద పలచగా పరిచి గదిలో ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు ఉంచుతాను. ఎండలో పెడితే రంగూ వాసనా పోతాయి. వానాకాలంలో ఫ్యాన్ ఒక్కటీ చాలదు, చివర్లో ఇనప మూకుడులో సన్న సెగ మీద రెండు నిమిషాలు తిప్పాలి. ఆకు నలిపితే వంగకూడదు, పొడి పొడిగా విరగాలి. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి మూత పెట్టి, మర్నాడు పొద్దున మూత లోపలి వైపు చూడు. సన్నటి ఆవిరి మచ్చ కనిపించినా సరే, మొత్తం తీసి మళ్లీ ఆరబెట్టు. నీ సీసాకి ఆ రోజు ఈ పరీక్ష చేసి ఉంటే ఆకు దక్కేది.

కొత్తిమీర ఎండబెట్టకు, గడ్డిలా అయిపోతుంది. సన్నగా తరిగి ఐస్ ట్రేలో కాస్త నీళ్లతో గడ్డకట్టించు, కరిగించకుండా నేరుగా పప్పులో వేసుకో. నిల్వ పచ్చడికైతే కడిగి ఆరిన ఆకు పావు కిలో, చింతపండు 75 గ్రాములు, ఉప్పు 50, కారం 50. ఆకుని నూనెలో నీరంతా ఇగిరేదాకా వేయించాలి. మీ ఇంట్లో నలుగురు చేతులు పెడతారు కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచు. పచ్చి ఆకుని ఉత్త నూనెలో ముంచి బయట పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. పులుపు, ఉప్పు లేకుండా గాలి తగలని నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిములు పెరగొచ్చు, వాసనలో తెలియదు కూడా.

అన్నీ ఫ్రిజ్ మీదే వదిలెయ్యకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో దాచినవన్నీ పారబోశాం. అలమారలో ఉన్న కరివేపాకు పొడి, ఆవకాయ, వేడన్నంతో పిల్లలకి గడిపాం. పిట్టగోడ మీది కుండీలు రెండు కింద పడ్డాయి, ఆ సమయానికి అక్కడ ఎవరూ లేకపోవడం మా అదృష్టం. తుఫాను కబురు రాగానే నువ్వు కుండీలు నేల మీదకి దించి గోడకి చేర్చు. గాలి తగ్గాక ఆకుల మీద ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడుగు. మా కరివేపాకు ఆ తుఫానుకి మాడి మోడైపోయింది, కొమ్మలు కత్తిరించి వదిలేస్తే మళ్లీ చిగురించింది. ఇప్పుడు నేను కోస్తున్నది ఆ చెట్టు ఆకే.

ఆదివారం అల్లుడుగారితో రా. పుదీనా కాడలు వేళ్లు తెప్పించి ఉంచాను, కరివేపాకు పిలక కూడా ఒకటి తవ్వి చిన్న కుండీలో పెట్టాను. వచ్చేటప్పుడు ఆ బూజు పట్టిన సీసా వేడినీళ్లతో కడిగి, బోర్లించి, పొడిగా ఆరాక తీసుకురా.

మీ పెద్దమ్మ